రాళ్ల మీద నంబర్లు

22 ఏప్రిల్ 2025, మంగళవారం
నాగర్‌కర్నూల్

పొద్దున్నే చిన్నాయన చేతికి ఫోన్ ఇచ్చి, మ్యూజియం వెబ్‌సైటు తెరిచి పక్కన కూర్చున్నాను. కొత్తగా తిరిగి కట్టమని నాకు అప్పగించిన సైటు. ఏ మ్యూజియమో ఇక్కడ రాయను. పాత పాలమూరు జిల్లా గుళ్లవీ శిల్పాలవీ ఫోటోలు 212 ఉన్నాయి అందులో. ఆలంపూర్‌వి, సోమశిలవి, జటప్రోలువి, నందివడ్డెమాన్‌వి.

నీటికాసులతో చిన్నాయనకు చూపు పోయి పన్నెండేళ్లయింది. టాక్‌బ్యాక్ పెట్టుకుని ఫోన్ వాడతాడు. తెర మీద వేలు పెడితే అక్కడ ఏముందో పైకి చదువుతుంది, పక్కకు తోస్తే తర్వాతిదానికి పోతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. రోజూ వార్తలు వింటాడు, వేరుశనగ ధర వింటాడు. ఫోన్ పనితీరు నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఫోన్ చదివింది: "ఐఎంజీ అండర్‌స్కోర్ రెండు వేల నలభై మూడు. చిత్రం." తోశాడు. "ఐఎంజీ అండర్‌స్కోర్ రెండు వేల నలభై నాలుగు. చిత్రం." మళ్లీ తోశాడు. పదకొండు ఫోటోల దాకా ఓపిక పట్టాడు.

"ఏంది బిడ్డా, ఒడ్ల సంచులు లెక్కబెట్టినట్టు చదువుతున్నది. అండ్ల ఏమున్నదో చెప్తలేదే?"

చెప్పడం లేదు. ఫోటో పెట్టినవాళ్లు దానికి ఒక్క మాటా జోడించలేదు. మాట లేకపోతే ఫోన్ మాత్రం ఏం చేస్తుంది, కెమెరా పెట్టిన ఫైలు పేరే చదువుతుంది.

చాలాసేపు ఊరుకుని చిన్నాయన అన్నాడు: "నంబర్లు మేం గూడ ఏసినం. గని మా నంబరుకు ఒక జాగ ఉండె."

శ్రీశైలం డ్యామ్ నీళ్లొస్తాయని గుళ్లు విప్పి వేరేచోట నిలబెట్టినప్పటి మాట అది. అప్పుడాయనకు ఇరవై ఏళ్లు. కూడవెల్లి గుడి దగ్గర కూలికి పోయాడు. విప్పే ముందు ప్రతి రాయి మీదా తెల్ల రంగుతో అంకె వేయడం ఆయన పని.

24 ఏప్రిల్, గురువారం

సైటు మొత్తం కళ్లు మూసుకుని నడిచాను. ముందు ల్యాప్‌టాప్‌లో, తెర మీదిది పైకి చదివే ఎన్‌వీడీఏతో, తర్వాత ఫోన్‌తో. ఎన్‌వీడీఏను 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని ఒక కుర్రవాడు మైకేల్ కరన్ మొదలుపెట్టాడు, జేమ్స్ టే తోడయ్యాడు. ఇప్పటికీ ఉచితమే. దాన్ని తెరిచినప్పుడల్లా వాళ్లకు మనసులో దండం పెట్టుకుంటాను.

దొరికినవి రాసుకుంటున్నాను. తెలుగు పేజీలను యంత్రానికి ఇంగ్లీషు పేజీలని చెప్పి ఉంచారు. అందుకని తెలుగు వాక్యం రాగానే ఇంగ్లీషు గొంతు తడబడుతోంది, కొన్నిచోట్ల మొత్తంగా దాటేస్తోంది. దిద్దడానికి రెండు అక్షరాలు మారిస్తే చాలు. ఆ రెండక్షరాలు ఇన్నేళ్లూ ఎవరూ మార్చలేదు.

"ఇక్కడ క్లిక్ చేయండి" అనే లంకె తొమ్మిది చోట్ల ఉంది. చూపు లేనివాళ్లు పేజీలోని లంకెలన్నిటినీ ఒక వరుసగా తీయించుకుని వింటారు. అలా వింటే తొమ్మిదిసార్లు అదే మాట, ఎక్కడికి పోతుందో తెలియదు. మొదటి పేజీలో ఫోటోలు వాటంతటవే జరుగుతుంటాయి. ఒకటి చదవడం పూర్తికాకముందే తర్వాతిది వచ్చేస్తుంది.

అన్నిటికంటే బాధపెట్టింది పీడీఎఫ్. ఈ ప్రాంతపు గుళ్ల మీద 140 పేజీల పుస్తకం, ఎవరో ఎంతో శ్రమపడి రాసింది. అను ఫాంట్లలో టైపు చేశారు. కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలు. కానీ ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం లోపల తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల చోట్ల, గుర్తుల చోట్ల తెలుగు ముక్కలు పేర్చారు. కంటికి 'గుడి' కనబడుతుంది, ఫోన్‌కు ఏవో కామాలూ చుక్కలూ కనబడతాయి. చిన్నాయన విని "ఎవలన్న తిడుతున్నరా?" అని అడిగాడు. యూనికోడ్‌లో తెలుగుకు 128 గళ్ల సొంత వరుస ఉంది, 1991 నుంచీ ఉంది. ఆ పుస్తకాన్ని అందులోకి మార్చి, మారిన ప్రతి పేజీనీ మళ్లీ చదివి తప్పులు దిద్దాలి. పది రోజుల పని. చేస్తాను.

2 మే, శుక్రవారం

పేపర్లో సుప్రీంకోర్టు తీర్పు వార్త రెండుసార్లు చదివాను. మొన్న 30న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ఇచ్చారు. బ్యాంకు ఖాతాకో సిమ్ కార్డుకో ఆన్‌లైన్‌లో వివరాలు ఇచ్చేటప్పుడు కెమెరా ముందు రెప్ప వేయమంటారు. యాసిడ్ దాడిలో ముఖం కాలిపోయినవాళ్లు రెప్ప ఎలా వేస్తారు? వాళ్లలో ఒకరైన ప్రజ్ఞా ప్రసూన్ అదే అడుగుతూ కోర్టుకు వెళ్లింది. చూపులేని న్యాయవాది అమర్ జైన్ వేసిన పిటిషన్‌ను కూడా కలిపి విన్నారు. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది, 20 ఆదేశాలిచ్చింది.

చట్టం ముందు నుంచీ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 42వ సెక్షన్: ఎలక్ట్రానిక్ మాధ్యమంలో ఉండేదంతా అందరికీ అందే రూపంలో ఉండాలి. ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు 2009లోనే వచ్చాయి, 2023లో మూడో కూర్పు వచ్చింది. ఎవరికీ తెలియక ఇలా ఉందని అనుకోను. అడిగేవాళ్లు ఎదురుగా లేరు, అంతే. 2011 జనగణన లెక్కలో దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వాళ్లలో ఒకాయన మా వాకిట్లో వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు.

వార్త చిన్నాయనకు చదివి వినిపించాను. "రెప్ప గొట్టమంటరా?" అని తన కళ్ల మీద వేళ్లు పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు.

6 మే, మంగళవారం

ఫోన్లో వాదన. సైటు చూసుకునే పెద్దమనిషి మర్యాదస్తుడే. "అమ్మా, మూలన ఒక బొమ్మ బటన్ పెట్టెయ్యండి, ఏ ప్లస్, ఏ మైనస్, రంగులు మారేటట్టు. అందరూ అదే పెడుతున్నారు" అన్నారు. వద్దండీ అన్నాను. చిన్నాయనకు ఆ బటన్ ఎందుకు? అక్షరం పెద్దది చేస్తే ఆయనకు కనబడుతుందా? ఆయనకు కావలసిన గొంతు ఆయన ఫోన్లోనే ఉంది. ఆ గొంతుకు చదవడానికి మాట కావాలి. అది బటన్ తెచ్చిపెట్టదు, మనిషి కూర్చుని రాయాలి. "212 ఫోటోలకూ రాస్తారా?" అన్నారు. రాస్తానన్నాను. కాస్త ఆగి, "సరే కానివ్వండి" అన్నారు. నా మాట ఆయన విన్నందుకు సంతోషంగా ఉంది.

చూపు తగ్గినవాళ్ల సంగతి వేరే. అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయింది కాబట్టి ఆమెను పిలిచి చూపించాను. లేత గోధుమ రంగు మీద బూడిద రంగు అక్షరాలు, రాతి గుడి రంగు రావాలని ఎవరో ముచ్చటపడి పెట్టినవి. అమ్మ "ఏమన్న రాసిన్రా దాని మీద?" అంది. అక్షరానికీ వెనకటి రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. ఇక్కడ రెండు కూడా లేదు.

ఇంకొకటి, ఇంగ్లీషువాళ్ల ప్రమాణాల్లో నాకెక్కడా కనబడనిది. మన అక్షరాల కింద ఒత్తులుంటాయి, పైన గుళ్లుంటాయి. ఇంగ్లీషు కొలతతో పెట్టిన వరుసల మధ్య ఎడం మనకు చాలదు. 'బ్రహ్మ'లో కింది మవత్తు సగం తెగి, కింది వరుసలోని గుడి మీద పడుతోంది. అక్షరం పెద్దది చేసేకొద్దీ ఎక్కువ తెగుతోంది. వరుసల ఎడాన్ని అక్షరం ఎత్తుకు 1.8 రెట్లు చేశాను. అమ్మ "స్వర్గబ్రహ్మ" అని కూడబలుక్కోకుండా చదివింది.

11 మే, ఆదివారం

ఇవాళ ఒక్క ఫోటోకే పూట గడిచింది.

ఆలంపూర్ లజ్జాగౌరి. కింద ఉన్న రాత: "స్త్రీ దేవత, చాళుక్యుల కాలం." నేను మొదట రాసింది: "తల లేని స్త్రీ శిల్పం." ఫోన్‌తో చదివించాను.

"ఎప్పుడు ఇరిగింది?" అన్నాడు చిన్నాయన.

విరగలేదు. శిల్పి తల చెక్కలేదు. మెడ మీద తల ఉండాల్సిన చోట విచ్చుకున్న తామరపువ్వు పెట్టాడు. నేను రాసిన నాలుగు మాటల వల్ల ఆయన మనసులో ఒక విగ్రహం విరిగిపోయింది. చూపున్నవాళ్లెవరూ అలా పొరబడరు, పువ్వు ఎదురుగా కనిపిస్తుంది.

రెండోసారి రాశాను: "తల స్థానంలో తామరపువ్వు ఉన్న దేవత, కూర్చున్న భంగిమ." చదివించబోయి ఆగాను. ఎలా కూర్చుందో రాయలేదు. రాయకపోవడానికి కారణం నాకు తెలుసు. చిన్నాయన ముందు ఆ మాటలు రావడానికి సిగ్గు. సిగ్గుతో నేను దాచింది ఆ ఫోటో చూసే ప్రతివారికీ ఒక్క క్షణంలో కనబడుతుంది. చూపులేని వారికి మాత్రం నేను మధ్యలో నిలబడి ఇంత చాలులే అంటున్నాను. అలా అనే హక్కు నాకెవరిచ్చారు?

మూడోసారి: "దేవత వెల్లకిలా, మోకాళ్లు మడిచి రెండు పక్కలకూ ఎడంగా తెరిచి, బిడ్డను కనే తల్లిలా ఉంది. తల స్థానంలో విచ్చుకున్న తామరపువ్వు. తల విరిగిపోలేదు, శిల్పి పువ్వునే చెక్కాడు. సంతానం కోసం, పంటల కోసం కొలిచిన దేవతగా చరిత్రకారులు చెబుతారు."

ఫోన్ ఎప్పటి గొంతుతోనే చదివింది. చిన్నాయన మళ్లీ వెనక్కి తోసి రెండోసారి విన్నాడు.

"కాన్పయితున్న తల్లి" అన్నాడు. "అగో, గట్ల రాయాలె. తలకాయ కాడ పువ్వు పెట్టిండంటే, పువ్వు ఇచ్చుకునుడు, కాన్పు, రెండు ఒక్కటే గద."

నాకు తోచని మాట. చదువుకున్న పుస్తకాల్లో ఉందేమో తెలియదు కానీ, నేను అటుగా ఆలోచించలేదు.

15 మే, గురువారం

ప్రతి ఏడూ మే మూడో గురువారం ప్రపంచ సుగమ్యత అవగాహన దినం, 2012 నుంచి. సుగమ్యత అనే మాట నాకు నోరు తిరగదు, చిన్నాయనకు అర్థం కాదు. సైటులో ఆ సంగతి చెప్పే పేజీకి "అందరికీ అందేలా" అని పేరు పెట్టాను.

ఇప్పటికి 64 ఫోటోలు రాశాను. ఒక పద్ధతి కుదిరింది. ముందు అదేమిటో ఒక మాట, తర్వాత ఎంత పెద్దది, ఆ తర్వాత కంటికి మొదట తగిలేది. విరిగిన చోట్లు చివర. "క్రీ.శ." అని రాస్తే ఫోన్ ఒక్కో అక్షరం పలికి ఆగిపోతోంది. "క్రీస్తు శకం" అని పూర్తిగా రాస్తున్నాను.

కొలత మీటర్లలో చెబితే చిన్నాయన ముఖంలో ఏమీ కదలదు. "మోకాలెత్తు", "నిలువెత్తు", "మూరెడు" అంటే చేతులు వాటంతటవే గాల్లోకి లేస్తాయి. మీటర్లూ ఉంచి, పక్కన మూరలూ రాస్తున్నాను.

18 మే, ఆదివారం
రాత్రి

ఇవాళ అంతర్జాతీయ మ్యూజియం దినం. చిన్నాయననూ ఆలంపూర్‌నూ ఒకచోట చేర్చాలని చాలా రోజులుగా ఉంది. వనపర్తి మీదుగా పెబ్బేరు, అక్కడి నుంచి హైవే. బీచుపల్లి వంతెన ఎక్కగానే బస్సు చప్పుడు మారింది. ఎవరూ చెప్పకముందే చిన్నాయన "కృష్ణమ్మా" అని చేతులు జోడించాడు. ఆలంపూర్ చౌరస్తాలో దిగి ఆటో ఎక్కాం.

ముందు స్వర్గబ్రహ్మ గుడి. బాదామి చాళుక్య రాజు వినయాదిత్యుడి కాలంలో, ఏడో శతాబ్దం చివర కట్టింది. ఇక్కడి తొమ్మిది గుళ్ల పేర్లూ బ్రహ్మవే: తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. గుళ్లు మాత్రం శివుడివి. వెబ్‌సైటులో "బ్రహ్మ ఆలయం" అని ఊరుకున్నారు. వినేవాళ్లు నాలుగు తలల బ్రహ్మను ఊహించుకుంటారు. రాసుకున్నాను.

శిఖరం ఎలా ఉందో చెప్పమన్నాడు. "రేఖానాగర శిఖరం" అన్నాను, పుస్తకంలో మాట. "అంటే?" నాలుగు పలకలుగా లేచి పోనుపోను లోపలికి వంగుతుంది, ఒంటినిండా అడ్డగీతలు, పైన చుట్టూ గాడులున్న గుండ్రటి రాయి. "గడ్డివామి లెక్కనా?" కాదు, ఇంకా సన్నం. "మక్కకంకి నిలవెట్టినట్టా?" అవును, అచ్చం అలాగే. "మరి పైన గుండు?" ఉసిరికాయను పైనుంచి కొంచెం నొక్కినట్టు. ఆ రాయిని ఆమలకం అంటారు, ఆమలకమంటే ఉసిరే. పేరు పెట్టినవాళ్లు కూడా చూపించి చెప్పలేనప్పుడు ఇలాగే వెతుక్కుని ఉంటారు.

మ్యూజియంలో విగ్రహాల ముందు నిలబెట్టి ఒక్కొక్కటీ చెప్పాను. తాకనివ్వరు, తాకకూడదు కూడా. వేల చేతులు పడితే రాయి అరుగుతుంది. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో 2015 డిసెంబరులో 'అనుభవ్' అని ఒక గది తెరిచారు. 22 వస్తువులకు నకళ్లు చేయించి, చేత్తో తడిమి చూసేలా పెట్టారు. మన దగ్గర చెక్కేవాళ్లకు కొదవా? ఒక్క లజ్జాగౌరికి నకలు చేయించి బల్ల మీద పెడితే చాలు. గడియారం రామకృష్ణశర్మగారు ఈ ఊళ్లోనే ఉండి, ఈ గుళ్ల గురించి ఎంత రాశారో, ఎంతమందిని వెంటబెట్టుకుని తిప్పి చెప్పారో పెద్దవాళ్లు తలుచుకుంటారు. పోయిన తర్వాతి ఏడాది, 2007లో, ఆయన ఆత్మకథ 'శతపత్రము'కు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వెబ్‌పేజీ చేయవలసిన పని ఆయన నోటితో చేశారనుకున్నాను.

చివరికి కూడవెల్లి సంగమేశ్వరాలయం. ఒకప్పుడు కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉండిన గుడి. వంద దాకా ఊళ్లు నీళ్ల కింద పోయినప్పుడు దీన్ని రాయి రాయిగా విప్పి ఇక్కడ నిలబెట్టారు.

చిన్నాయన చెప్పులు విడిచి, పీఠం గోడ మీద అరచెయ్యి ఆనించాడు. ఎండకు రాయి కాలుతున్నా తీయలేదు. రెండు రాళ్లు కలిసే గీత వెంబడి వేలు పోనిచ్చాడు. ఆ వేలు నాకు ఇప్పటికీ కళ్ల ముందు కదులుతోంది. గీత ఆగిన చోట ఆగి, కిందికి దిగి, మళ్లీ పక్కకు.

"ఒక దిక్కుకు ఒక అచ్చరం, ఒక వరుసకు ఒక అంకె, వరుసల ఎన్నో రాయో ఇంకో అంకె" అన్నాడు. "మేస్త్రి కాయితం మీద గుడి బొమ్మ గీసుకుని అవే అంకెలు రాసుకునేటోడు. రాయి చూస్తే జాగ తెలుస్తది, జాగ చూస్తే రాయి తెలుస్తది. ఒక్కటి తప్పితే పైనున్నయన్ని తప్పుతయ్."

అంకె ఎక్కడైనా కనబడుతుందా అని అడిగాడు. చుట్టూ తిరిగి చూశాను. నలభై ఏళ్ల వానలు, రంగు ఎక్కడా లేదు. లేదని చెప్పాను.

"పోనీ. గుడి నిలవడ్డది గద."

19 మే, సోమవారం

నిన్నటి అంకెల మాట రాత్రంతా తలలో తిరిగింది. సైటులో శీర్షికలకు వరుస లేదు. అక్షరం పెద్దగా ఉంటే చాలు శీర్షిక అనుకుని ఎక్కడ పడితే అక్కడ పెట్టారు. కంటికి సరిపోతుంది. చెవితో వెళ్లేవాళ్లు శీర్షిక నుంచి శీర్షికకు దూకుతూ పోతారు. మొదటి స్థాయి తర్వాత నాలుగో స్థాయి వస్తే, మధ్యలో ఏవో పోయాయనుకుని వెనక్కి వెతుకుతారు. ఇవాళ కాగితం మీద సైటంతా గీసి, పేజీకొక అక్షరం, భాగానికొక అంకె వేశాను. చిన్నాయన మేస్త్రి పద్ధతే.

27 మే, మంగళవారం

రోహిణి కార్తె. కరెంటు మూడుసార్లు పోయింది.

మా వీధిలో మిషను కుట్టే అమ్మాయికి పుట్టుకతో వినపడదు. సైటులోని నాలుగు నిమిషాల వీడియో చూపించాను. చివరిదాకా చూసి, కాగితం మీద రాసింది: "గుళ్లు బాగున్నాయి. ఆయన ఏం చెప్తున్నాడు?" కింద అక్షరాలు వేయలేదు ఎవరూ. మధ్యాహ్నమంతా కూర్చుని నేనే టైపు చేశాను. రెండోసారి చూసి 'ద్వారబంధం' దగ్గర ఆపి, ఏమిటని సైగ చేసింది. మా గడప చూపించాను. నవ్వి, ఆ మాట ఇంకొంచెం సేపు తెర మీద ఉంచమని రాసింది. ఉంచాను.

ఫోటోలు ఒక్కోటి 8 ఎంబీ ఉన్నాయి. పట్నంలో తెలియదు. మన్ననూరు దాటి అడవిలోకి పోతే సిగ్నల్ ఒక గీత ఉంటే అదృష్టం. అక్కడి చెంచు పిల్లలు బడి ఫోన్‌లో తెరిస్తే ఒక్క బొమ్మ రావడానికి పీరియడ్ అయిపోతుంది. అన్నిటినీ 200 కేబీ లోపుకు తగ్గించాను. పెద్దది కావాలన్నవాళ్లకు వేరే లంకె. బొమ్మ రాకపోయినా దాని మాట ముందు వస్తుంది కాబట్టి, చదువుకుంటూ ఉండవచ్చు.

3 జూన్, మంగళవారం

కూడవెల్లి పేజీ పూర్తిచేసి చిన్నాయన చేతికి ఫోన్ ఇచ్చాను. వేపచెట్టు కింద, అదే నులకమంచం. ఒక్కో శీర్షికకూ ఆగుతూ మొత్తం విన్నాడు. ఎక్కడా వెనక్కి వెతుక్కోలేదు.

"అంకెల సంగతి రాయలే" అన్నాడు.

ఇప్పుడు కనబడవు కదా చిన్నాయనా అన్నాను.

"కనవడనియ్యే గద నువ్వు రాస్తున్నది."

ల్యాప్‌టాప్ తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. ఆయన చెబుతుంటే టైపు చేశాను, వీలైనంతవరకు ఆయన మాటల్లోనే: "ఈ గుడిని విప్పేటప్పుడు ప్రతి రాయి మీదా తెల్ల రంగుతో ఒక అక్షరం, రెండు అంకెలు వేశారు. అక్షరం దిక్కుకు, మొదటి అంకె వరుసకు, రెండోది రాయికి. రంగు వానలకు పోయింది. రాళ్లు కలిసే గీతలు మాత్రం వేలికి తెలుస్తాయి."

ఫోన్‌తో చదివించుకుని తల ఊపాడు. తర్వాత "తెల్ల రంగు" అన్నచోట ఆపించి, డబ్బా కృష్ణ ఒడ్డున ఇసుకలో పెట్టుకునేవాళ్లమని, కుంచె చిన్నదని, తొమ్మిది రాయడం తనకు రాక తలకిందుల ఆరు రాసేవాడినని చెప్పాడు. అది కూడా రాయనా అంటే వద్దన్నాడు, అది ఇంటి మాటట.

ఇంకా 97 ఫోటోలు ఉన్నాయి. రేపటి నుంచి సోమశిలవి.